తూకం ఎరిగిన నావికుడు - కెప్టెన్ జాషువా స్లోకమ్

కృష్ణనో గోదావరినో పడవ మీద దాటినవారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. జనం ఎక్కుతూ ఉండగానే పడవవాడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతాడు. భారీ మనిషిని నడుమకు జరగమంటాడు. బియ్యం బస్తాలను అడుగున పెట్టిస్తాడు. అంచు మీదికి ఒరిగి నీళ్ళలో చేయి ఆడించే కుర్రవాణ్ణి కసురుకుంటాడు. అతడు భౌతికశాస్త్రం చదివి ఉండడు. కాని బరువు ఎక్కడ ఉంటే పడవ నిలుస్తుందో, ఎక్కడికి పోతే బోల్తా పడుతుందో అతనికి తెలుసు. ఆ తెలివికి తప్పు పడితే ఫలితం ఏమిటో కూడా తెలుసు.

ఇటువంటి తెలివినే నమ్ముకొని ఒక మనిషి తోడు ఎవరూ లేకుండా భూగోళాన్ని చుట్టివచ్చాడు. ఆయన పేరు కెప్టెన్ జాషువా స్లోకమ్. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ రేవు నుండి బయలుదేరి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరిన ఆయన ఒంటరిగా 46,000 మైళ్ళు సాగించాడు. అంతకు పూర్వం ఏ మానవుడూ ఒంటరిగా ఆ పని చేసి ఉండలేదు. ఆ ప్రయాణంలోని సాహసాన్ని గురించి చాలామంది రాశారు. ఆ సాహసాన్ని మోసిన పడవ తూకాన్ని గురించి, దాన్ని అమర్చిన మనిషి జీవితాన్ని గురించి ఈ వ్యాసంలో కొంత వివరంగా చెప్పదలచాను.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న నేటి కెనడా దేశంలోని నోవాస్కోషియాలో, ఫండీ అఖాతం ఒడ్డున ఉన్న మౌంట్ హాన్లీ అనే పల్లెలో జన్మించాడు. తరువాత కుటుంబం సమీపంలోని బ్రయర్ ద్వీపానికి తరలిపోయింది. తండ్రి అక్కడ జాలరులకు తోలు బూట్లు కుట్టి అమ్మేవాడు. పదేళ్ళ వయస్సులోనే కొడుకు చదువు మానిపించి బూట్ల పనిలో కూర్చోబెట్టాడు. తండ్రి కఠినుడు. కుర్రవాడు చాటుగా ఒక చిన్న ఓడ బొమ్మను చెక్కుకుంటూ ఉండగా చూచి, దాన్ని లాక్కొని నేలకేసి కొట్టి ముక్కలు చేశాడు. పద్నాలుగేళ్ళకు బాలుడు ఒక చేపల పడవలో వంటవాడుగా చేరాడు. 1860లో తల్లి మరణించిన తరువాత ఇంటిని శాశ్వతంగా విడిచిపెట్టి, మామూలు నావికుడుగా సముద్రం మీదికి వెళ్ళిపోయాడు.

తరువాతి పాతికేళ్ళు ఉన్నతికి సంబంధించినవి. చిన్న వయస్సులోనే ఓడ అధికారి అయినాడు. అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. తెరచాప ఓడలకు కెప్టెన్ అయి పసిఫిక్ మహాసముద్రమంతటా సరకు రవాణా చేశాడు. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె భర్తతో పాటు ఓడలోనే కాపురం చేసి, ఓడలోనే బిడ్డలను కని పెంచింది. 1884లో బ్యూనోస్ ఎయిరిస్ రేవులో, 34 ఏళ్ళకే ఆమె మరణించింది. అక్కడి నుండి స్లోకమ్ జీవితం ఒక పక్కకు ఒరిగినట్లే కనబడుతుంది. 1886లో హెన్రియెట్టా అనే దాయాది యువతిని పునర్వివాహం చేసుకున్నాడు. తన సొంత ఓడ అక్విడ్నెక్ మీద 1887లో తిరుగుబాటు జరుగగా ఇద్దరిపై తుపాకి పేల్చాడు. వారిలో ఒకడు మరణించాడు. ఆత్మరక్షణ అని బ్రెజిల్ న్యాయస్థానం ఆయనను విడిచిపెట్టింది. ఆయనను మహాత్ముడుగా చిత్రించే వ్యాసకర్తలు ఈ ఘట్టాన్ని దాటవేస్తారు. ఆయన కఠినమైన కాలంలో కఠినంగా బ్రతికిన మనిషి అనుటయే న్యాయం.

ఆ ఏడాది చివరనే అక్విడ్నెక్ బ్రెజిల్ తీరంలోని ఒక ఇసుక మేట మీద పడి ధ్వంసమైంది. దానికి భీమా లేదు. దిక్కులేని ఆ ఒడ్డున స్లోకమ్, భార్య, ఇద్దరు కుమారులు కలిసి 35 అడుగుల పొడవుగల పడవ ఒకటి నిర్మించారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన 1888 మే 13వ తేదీనే అది నీట దిగింది. అందువలన దానికి పోర్చుగీసు భాషలో స్వేచ్ఛ అనే అర్థం వచ్చే లిబర్‌దాదే అన్న పేరు పెట్టారు. ఏడున్నర అడుగుల వెడల్పు మాత్రమే గల ఆ సన్నని పడవ ఒరిగినా మునగకుండా ఇరువైపులా వెదురు బొంగులు కట్టారు. ఆ పడవలో కుటుంబమంతా 5,000 మైళ్ళకు పైగా ప్రయాణించి అమెరికా చేరింది. చిన్న పడవ సముద్రం మీద ఎట్లా నిలుస్తుందో స్లోకమ్ నేర్చుకున్నది ఈ అవస్థలోనే.

అప్పటికి ఆవిరి ఓడల కాలం వచ్చేసింది. తెరచాప ఓడల కెప్టెన్లను పిలిచేవారు లేరు. 1892లో ఈబెన్ పియర్స్ అనే వృద్ధుడు, తిమింగలాల వేట ఓడలకు కెప్టెన్‌గా పనిచేసి విరమించినవాడు, స్లోకమ్‌కు ఒక ఓడ ఇస్తానన్నాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కు వెళ్ళి చూడగా, అది ఒక పొలంలో గుంజల ఊతం మీద, గుడ్డ కప్పి ఉంచిన పాతకాలపు ఆల్చిప్పల పడవ! పేరు స్ప్రే. ఊరివారు అది పగలగొట్టి వంటచెరకు చేయడానికి తప్ప పనికిరాదనుకున్నారు. స్లోకమ్ సమీపంలోని ఓక్ చెట్టును స్వయంగా నరికి కొత్త వెన్నుదూలం వేశాడు. ఒక్కొక్క పాత పక్కటెముకను తీసి కొత్తది అమర్చాడు. ఒకటిన్నర అంగుళాల మందం గల జార్జియా దేవదారు పలకలు బిగించాడు. 13 నెలలు పట్టింది. 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయింది. పాత పడవలో ఏ ముక్క మిగిలిందో, పేరు తప్ప మిగిలినదంతా కొత్తదేనా అన్నది తత్త్వశాస్త్ర విద్యార్థులు చర్చించుకోదగిన విషయం.

పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. లోపలి లోతు 4 అడుగుల 2 అంగుళాలు. 9 టన్నుల పడవ అని లెక్కకట్టారు. ఓడల విషయంలో ఈ టన్ను బరువు కాదు, లోపలి చోటుకు కొలత. ఒక టన్ను అంటే 100 ఘనపుటడుగులు. ఈ అంకెలలో విద్యార్థులు గమనించవలసినది వెడల్పు. పొడవులో మూడో వంతుకు మించిన వెడల్పు! అది సన్నని పందెపు పడవ కాదు. పొట్ట విశాలంగా, లోతు తక్కువగా ఉన్న బరువు పడవ. అడుగున నిలకడ కోసం వేసే బరువుగా స్లోకమ్ సిమెంటు కాంక్రీటు దిమ్మెలను వాడాడు. ఆ దిమ్మెలు కదలకుండా పైనుండి గుంజలు ఆనించి గట్టిగా బిగించాడు. వెన్నుదూలం కింద ఇనుముగాని సీసంగాని ఏమాత్రం తగిలించలేదు.

ఇందులోని శాస్త్రాన్ని కొంచెం విచారిద్దాం. పడవ బరువంతా ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. అది గురుత్వ కేంద్రం. నీరు పడవను పైకి నెట్టే బలం, మునిగిన భాగపు నడిబిందువు గుండా పనిచేస్తుంది. అది ఉత్ప్లవన కేంద్రం. పడవ నిటారుగా ఉన్నప్పుడు రెండూ ఒకే నిలువు రేఖ మీద ఉంటాయి. గాలి తాకి పడవ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క ఎక్కువగా మునిగి, ఉత్ప్లవన కేంద్రం అటు జరుగుతుంది. అప్పుడు కిందికి లాగే బలం ఒక చోట, పైకి నెట్టే బలం మరొక చోట పడి, రెండూ కలిసి పడవను తిరిగి నిలబెడతాయి. వెడల్పైన పడవలో ఈ జరగడం త్వరగా, ఎక్కువగా ఉంటుంది. అందుచేత అది గాలికి తేలికగా ఒరగదు. కాని దీనికి ఒక హద్దు ఉంది. ఒరుగుడు ఒక కోణాన్ని దాటితే నిలబెట్టే శక్తి తగ్గుతూ వస్తుంది. మరికొంత దాటితే అదే శక్తి పడవను తలకిందులు చేసే వైపు తిరుగుతుంది. వెన్ను కింద సీసం వేలాడదీసిన లోతైన పడవల గుణం వేరు. అవి మొదట సులువుగా ఒరుగుతాయి. ఒరిగినకొద్దీ కింది బరువు గట్టిగా లాగి నిలబెడుతుంది. స్ప్రే ఆ జాతి పడవ కాదు. మామూలు గాలిలో బండవలె నిలుస్తుంది. ఒకసారి పూర్తిగా తిరగబడితే మాత్రం తనంతట తాను లేవదు. లోపలి దిమ్మెలు జారితే అంతకన్నా ముందే ప్రమాదం. వాటిని అంత గట్టిగా బిగించడానికి కారణం ఇదే.

చిన్న చిన్న పందెపు పడవలలో మనుషులే కదిలే బరువు. గాలి వీచే వైపు అంచు మీదికి జరిగి, వెనుకకు వాలి, పడవను నిలబెడతారు. స్ప్రేవంటి పడవలో ఒక్క మనిషి అంచు మీద కూర్చున్నా, తల్లకిందులుగా వేలాడినా లెక్కలోకి రాదు. తూకం పడవలోనే ఉండాలి. సరకును ముందు భాగంలో ఎక్కువగా నింపితే ముక్కు కెరటంలోకి పొడుచుకొనిపోతుంది, పడవ గాలివైపు మొరాయిస్తుంది. వెనుక ఎక్కువైతే పిరుదు భాగం నీటిని ఈడ్చుకుంటూ వేగం చంపుతుంది. మంచినీటి పీపాలు, ఉప్పు చేపలు, బిస్కట్లు, పుస్తకాలు, కట్టెలు - అన్నీ ఈ లెక్కకు లోబడి సర్దవలసినవే. వెంట తీసుకొనిపోయే చిన్న పడవ విషయంలో స్లోకమ్ చేసిన పని చూస్తే నవ్వు వస్తుంది గాని అందులో వివేకం ఉంది. పూర్తి పడవ డెక్కు మీద అడ్డంగా పట్టదు, ఒక్కడు ఎత్తలేడు. కనుక దాన్ని నడుమకు కోసి, కోసిన చోట పలకలు బిగించి, సగం పడవనే తీసుకొనిపోయాడు. అది బట్టలు ఉతికే తొట్టిగా కూడా పనికివచ్చింది!

ఆ సగం పడవే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చింది. 1895 డిసెంబరులో ఉరుగ్వే తీరాన స్ప్రే ఇసుక ఒడ్డుకు తగులుకొన్నది. దాన్ని లాగడానికి లంగరును ఆ చిన్న పడవలో వేసుకొని లోతు నీటిలోకి పోయాడు. (లంగరు, సరంగు అన్న మాటలు ఫారసీ నుండి వచ్చి మన తెలుగు రేవులలో స్థిరపడినవి, ఉర్దూ మిత్రులకు ఇది చెప్పనక్కరలేదు.) లంగరు, దాని బరువైన తాడు కలిసి ఆ పొట్టి పడవను అంచుదాకా ముంచివేశాయి. లంగరును నీటిలోకి విసరగానే పడవ బోల్తా పడింది. అంచు పట్టుకొని వేలాడుతూ ఉండగా తనకు ఈత రాదన్న సంగతి ఆయనకు గుర్తుకు వచ్చింది! పడవను తిప్పబోయి, ఆత్రంలో ఎక్కువగా లాగినందువలన అది పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ బోర్లపడింది. చివరకు నిదానంగా తిప్పి, ఎక్కి, ఒడ్డు చేరాడు. ప్రపంచాన్ని చుట్టివచ్చిన నావికునికి ఈత రాదనుట విచిత్రమే అయినా సత్యం.

అప్పటికే స్ప్రే తన గుణాన్ని చూపించింది. అజోర్స్ దీవులు దాటిన తరువాత, అక్కడ దొరికిన రేగు జాతి పండ్లు, జున్ను కలిపి తిన్నందువలన స్లోకమ్ కడుపునొప్పితో గదిలో పడిపోయాడు. బయట తుపాను. జ్వరంలో ఆయనకు కొలంబస్ ఓడలలో ఒకటైన పింటా సరంగు వచ్చి చుక్కాని పట్టుకొన్నట్లు కనిపించింది. తెల్లవారి చూస్తే పడవ తాను ఉంచిన దిక్కునే పోతున్నది. రాత్రికి రాత్రి 90 మైళ్ళు సాగింది. భూతాన్ని నమ్మదలచినవారు నమ్మవచ్చు. చుక్కాని చక్రాన్ని తాడుతో కట్టివేస్తే దారి తప్పకుండా పోవడం ఆ పడవకు సహజమైన శక్తి అని తరువాతి ప్రయాణమంతా రుజువు చేసింది.

ఈ శక్తికి మూలం రెండవ రకపు తూకంలో ఉంది. తెరచాపల మీద గాలి బలమంతా ఒక బిందువు వద్ద కేంద్రీకరించినట్లు భావించవచ్చు. పడవ పక్కకు కొట్టుకొనిపోకుండా నీరు అడ్డే శక్తికి మరొక కేంద్రం ఉంటుంది. గాలి కేంద్రం బాగా వెనుక పడితే పడవ ముక్కు గాలివైపు తిరుగుతుంది. ముందు పడితే గాలికి దూరంగా పోతుంది. రెండూ సరితూగితే చుక్కాని పట్టవలసిన పని తగ్గుతుంది. వెనుకనుండి గాలి వీచేటప్పుడు స్లోకమ్ పెద్ద తెరచాపను పక్కకు విప్పి, ముందున్న చిన్న తెరచాపను నడిమధ్యకు బిగించేవాడు. ముక్కు ఎటు తప్పినా గాలి ఆ చిన్న చాపను తాకి మళ్ళీ దారికి నెట్టేది.

ఆయన తూకాన్ని ఒకసారి కుదిర్చి ఊరుకోలేదు. రియో డి జెనీరోలో పడవ వెనుక చిన్న స్తంభం నిలపడానికి అర్ధచంద్రాకారపు ఊతాన్ని అమర్చాడు. ఆ తరువాత బ్యూనోస్ ఎయిరిస్‌లో పెద్ద స్తంభాన్ని ఏడు అడుగులు తగ్గించాడు. ముందుకు పొడుచుకొని ఉండే దూలాన్ని సుమారు అయిదు అడుగులు కోసివేశాడు. ఎత్తున ఉన్న ప్రతి పౌను బరువు పడవను ఒరగజేయడానికే తోడ్పడుతుంది. తెరచాప విస్తీర్ణం పోయినా నిలకడ దక్కింది. ఆ నగరం ఆయన మొదటి భార్య సమాధి ఉన్న చోటు. ఆమె పోయిన రేవులోనే, భయంకరమైన దక్షిణ సముద్రం కోసం పడవను సిద్ధం చేసుకొన్నాడు.

ఈ మార్పు వృథా కాలేదు. పెటగోనియా తీరంలో ఆకాశమంత కెరటం ఒకటి మీదికి వచ్చింది. తెరచాపలన్నీ దించి, స్తంభపు తాళ్ళు పట్టుకొని పైకి ఎగబ్రాకడానికి మాత్రమే వ్యవధి చిక్కింది. ఒక నిమిషం పాటు కింద పడవ కనబడలేదు, నీరు మాత్రమే. ఆ తరువాత స్ప్రే ఊగి, వణికి, నీళ్ళు విదిలించుకొని లేచింది. స్తంభం ఏడు అడుగులు పొడవుగా ఉండి ఉంటే ఏమి జరిగేదో మనం ఊహించుకోవచ్చు.

మాగెల్లాన్ జలసంధిలో ఎన్నో అవస్థలు పడ్డాడు. రాత్రి దొంగల భయానికి డెక్కు మీద చిన్న మేకులు చల్లి నిద్రపోయిన కథ అందరికీ తెలిసినదే. అక్కడ ధ్వంసమైన ఒక ఓడ నుండి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొవ్వు పీపాలు దొరికితే పడవ నిండా ఎక్కించుకొన్నాడు. నష్టమేమీ లేని బరువు, పైగా అమ్ముడుపోయే సరకు! జువాన్ ఫెర్నాండెజ్ దీవిలో ఆ కొవ్వుతో గారెలవంటివి వేయడం దీవివారికి నేర్పి, కొంత అక్కడే అమ్మివేశాడు. అక్కడి నుండి 72 రోజులు ఏ రేవూ తాకకుండా 1896 జూలైలో సమోవా చేరాడు. కీర్తిశేషుడైన రచయిత స్టీవెన్‌సన్ భార్య ఆయనను ఆదరించింది. ఆ తోటలోని వెదురు గడ ఒకటి తిరుగు ప్రయాణంలో ముందు తెరచాపకు ఆధారమైంది.

తూకపు విద్యకు పరాకాష్ఠ హిందూ మహాసముద్రంలో కనిపించింది. 1897లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న థర్స్‌డే దీవి నుండి కీలింగ్ కోకస్ దీవులకు 2,700 మైళ్ళు 23 రోజులలో దాటాడు. ఆ 23 రోజులలో చుక్కాని చక్రం పట్టుకొని నిలబడింది మొత్తం మూడు గంటలకు లోపే. మిగిలిన వేళలలో చదువుకున్నాడు, వండుకున్నాడు, నిద్రపోయాడు. మహాసముద్రం నడుమ సూదిమొనంత దీవి. పడవ దానికి సూటిగా వచ్చింది. అక్కడి సముద్రంలో దొరికే బ్రహ్మాండమైన ఆల్చిప్పలను అడుగు బరువుగా వేసుకొని, కొంత సిమెంటును బయట పారవేశాడు. బరువు బరువే, ఆల్చిప్పలకు మాత్రం వెల వస్తుంది.

దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్‌ను దర్శించాడు. భూమి బల్లపరుపుగా ఉందని నమ్మిన ఆ పెద్దమనిషి, ప్రపంచాన్ని చుట్టడం అసంభవమని తేల్చివేశాడు. స్లోకమ్ వాదించలేదు.

తిరిగి వచ్చిన తరువాత ఆయన ప్రయాణ గ్రంథం 1899-1900లో సెంచరీ పత్రికలో ధారావాహికంగా వచ్చి, 1900లో పుస్తకమైంది. పదేళ్ళకే బడి మానిన మనిషి రాసిన ఆ వచనం నేటికీ చదువరులను ఆకర్షిస్తున్నది. అయితే చుక్కాని వదలి వేల మైళ్ళు పోయానన్న మాటను పలువురు నావికులు నమ్మలేదు. పడవను ఏ గణితంతో గీశావని అడిగినవారికి, గాలి కేంద్రం ఎక్కడుందో తనకు సముద్రం మీద అనుభవంతో తెలిసిందే తప్ప కాగితం మీద తెలియదనీ, దానిని గురించి తాను దిగులు పడలేదనీ ఆయన సమాధానం చెప్పాడు. 1909లో సిప్రియానో ఆండ్రాడే అనే ఇంజనీరు స్ప్రే రేఖలను పూర్తిగా లెక్కకట్టాడు. గాలి కేంద్రం, నీటి అడ్డు కేంద్రం ఒకే నిలువున ఉన్నట్లు తేలింది. లోపాలు వెదకబోయినవాడు ఆ పడవకు అభిమాని అయినాడు.

అందరూ ఒప్పుకోలేదు. తరువాతి తరంలో పడవల రూపశిల్పి జాన్ హాన్నా, స్ప్రే నకళ్ళను కట్టించుకోవద్దని హెచ్చరించాడు. అంత వెడల్పు, అంత తక్కువ లోతు గల పడవను అడ్డు కెరటం పల్టీ కొట్టిస్తే మళ్ళీ లేవదని ఆయన వాదం. నా దృష్టిలో ఇద్దరూ సత్యమే చెప్పారు. దారి తప్పని తూకం ఒకటి. తిరగబడితే లేచే తూకం మరొకటి. స్ప్రేలో మొదటిది సంపూర్ణం, రెండవది లోపం. ఆ లోపాన్ని 46,000 మైళ్ళపాటు పూడ్చింది స్తంభం ఎప్పుడు కోయాలో, చాప ఎప్పుడు దించాలో ఎరిగిన మనిషే.

చివరి సంవత్సరాలలో స్లోకమ్ మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో ఇల్లు, పొలం కొన్నాడు గాని నేల మీద కుదురుకోలేదు. చలికాలాలలో వెచ్చని దీవులకు పోయి వచ్చేవాడు. ఆయనకూ పడవకూ వయస్సు మీదపడింది. మునుపు మెరుస్తూ ఉండే స్ప్రే మరమ్మతులు లేక, తాళ్ళు అరిగి, మాసిపోయి ఉండేదని చూచినవారు చెప్పారు. 1909 నవంబరులో, 65 ఏళ్ళ వయస్సులో, దక్షిణ అమెరికా నదులను చూడాలని విన్‌యార్డ్ హేవెన్ రేవు నుండి ఒంటరిగా బయలుదేరాడు. ఆ తరువాత ఆయనను గాని, పడవను గాని, ఒక పలకను గాని చూచినవారు లేరు. రాత్రివేళ ఆవిరి ఓడ ఢీకొట్టి ఉంటుందని కుమారుడు విక్టర్ భావించాడు. పాత పలక ఊడి ఉంటుందని కొందరు, హాన్నా చెప్పిన కెరటమే వచ్చి ఉంటుందని కొందరు అన్నారు. 1924లో ఆయన చట్టరీత్యా మరణించినట్లు ప్రకటించారు.